తలుపులు లేని దర్వాజాలు

సూరతు నగరమున రైలు దిగి ఆటో ఎక్కినవానికి మొదట వినవచ్చు మాటలలో ‘దర్వాజా’ ఒకటి. సహారా దర్వాజా, మాన్ దర్వాజా, ఉధనా దర్వాజా, లాల్ దర్వాజా, ఢిల్లీ గేటు, మజూరా గేటు, అఠ్వా గేటు—పాత నగరమును చుట్టివచ్చు రింగురోడ్డు పొడవునను, దాని సమీపమునను కూడలులకు ఇవియే పేర్లు. కూడలిలో నిలిచి చూచినచో వేయుటకు తలుపు లేదు, తీయుటకు గడియ లేదు. కనబడునవి వంతెనలు, వాహనములు, అంతస్తుల మీద అంతస్తులుగా లేచిన బట్టల మార్కెట్లు. తెలంగాణము నుండి మగ్గపు పని వెదకుకొనుచు వచ్చి లింబాయత్, ఉధనా ప్రాంతములలో కాపురముండు పద్మశాలి కుటుంబములవారు ఈ పేర్లను తమ ఊరి పేర్లవలెనే పలుకుదురు. ఒకప్పుడు ఆ ప్రాంతములన్నియు దర్వాజాలకు వెలుపలి పొలములు.

ఆ తలుపులు ఎవరిని ఆపుటకు పుట్టెను, ఎవరిని కాపాడెను అను ప్రశ్న కేవలము పురావస్తు పరిశోధకులది కాదు. ప్రాకారములను కూల్చుకొన్న నగరములే నేడు మఱల అడ్డులు నాటుకొనుచున్నవి. 2016 జూలై 14వ తేదీ రాత్రి ఫ్రాన్సు దేశమున నీస్ నగరపు సముద్రతీర వీథిలో ఉత్సవము చూచి మరలుచున్న జనసమూహము మీదికి ఒకడు లారీని తోలెను. 86 మంది మరణించిరి. మఱుసటి సంవత్సరము ఆగస్టులో బార్సిలోనా నగరమున అట్టిదే జరిగెను. పిమ్మట యూరపు నగరములలో విహారవీథులకు, సంతలకు, దేవాలయములకు ముందు నడుమెత్తు ఉక్కుస్తంభములను వరుసగా పాతుట మఱింత విస్తరించెను. భారతదేశమున ఆ పనిని చాలవఱకు పోలీసువారి ఇనుప బారికేడ్లు చేయుచున్నవి. మనిషి దూఱవలెను, బండి దూఱరాదు. ఆ స్తంభముల నడుమ విడిచిన ఎడములోని శాస్త్రమంతయు ఇంతియే.

ఈ శాస్త్రము క్రొత్తది కాదు. పొంపేయి నగరమున ఫోరమునకు పోవు దారులలో రోమనులు బండ్లు రాకుండ రాళ్లు నిలిపిరి. తెలుగు చదువరికి ఇంతకన్న దగ్గఱి ఉదాహరణము గోలకొండ. బాలాహిసార్ ద్వారమునకు ఎదుట, దారికి అడ్డముగా, ఒంటిగా ఒక గోడ నిలిచియున్నది. దానిని చూచి కొందఱు శిథిలమనుకొందురు. అది శిథిలము కాదు; శత్రువుల ఏనుగు పరుగున వచ్చి తలుపును ఢీకొనుటకు చాలినంత దూరము లేకుండ చేయుటకు కట్టిన అడ్డుగోడ. తలుపులకు ఇనుపమేకులు దిగగొట్టినదియు ఏనుగు కొఱకే. ఏనుగు పోయి లారీ వచ్చినది గాని వేగమును విఱచు ఉపాయము మాఱలేదు. అయితే అడ్డు ఎట్లు పనిచేయునో గోలకొండ తెలిపినట్లు, అడ్డు ఎవరికి పనిచేయునో తెలిపిన నగరము సూరతు.

తపతీనది దక్షిణపు గట్టున, సముద్రమునకు కొన్ని కోసుల దూరమున ఈ నగరము పెరిగెను. నదిలో ఇసుక మేటలుండుటచే పెద్ద ఓడలు ఊరివఱకు రాలేవు. సువాలీ రేవున లంగరు వేసి సరకును పడవల మీదను బండ్ల మీదను చేర్చుచుండిరి. నది ఓడలను ఆపినను ఓడలలోని వైరమును ఆపలేదు. పోర్చుగీసువారు 1512లోను, మఱల 1530లోను వచ్చి ఊరిని తగులబెట్టిరి. గుజరాతు సుల్తాను మూడవ మహమ్మూదు కాలమున ఖుదావంద్ ఖాన్ అను అధికారి 1540 ప్రాంతమున నది ఒడ్డున రాతికోటకు పూనుకొనెను. రాళ్లను ఇనుపపట్టీలతో బిగించి, సందులలో సీసమును కరగించి పోయించెనని ఫార్సీ చరిత్రకారులు వ్రాసిరి. కట్టడమును మాన్పుటకు పోర్చుగీసువారు మొదట బలమును ప్రయోగించిరట. సాగకపోగా ధనము చూపిరట. కోటను మానకున్నను దాని మీది చౌకండీ యను బురుజునైనను కట్టవలదని బేరమాడిరట. ఖుదావంద్ ఖాన్ దానికిని ఒప్పుకొనలేదు. ఇతడు 1546లో దీవు ముట్టడిలో మరణించెను. 1573లో అక్బరు స్వయముగా వచ్చి నెలన్నర పాటు ముట్టడించిన తరువాతనే ఈ కోట మొగలుల వశమయ్యెను. ఇంత దృఢమైన కోట ఊరికి రక్షయే గదా యని తోచును. చిక్కు అక్కడనే కలదు. కోట నదిమీదికి చూచుచుండెను. ఊరు కోట వెనుక, మట్టిగోడ నడుమ, ఉండెను.

మొగలుల కాలమున సూరతు పశ్చిమ సముద్రమునకు ప్రధాన ద్వారము. మక్కాకు పోవు యాత్రికులు ఇక్కడనే ఓడ యెక్కుదురు. వారి దిగుడుకొఱకు 1644లో ఒక గొప్ప సరాయి వెలసెను. ఆ కాలమున ఊరిలో అందఱును ఎఱిగిన అడ్డు గోడ కాదు, సుంకపుశాల. ఓడ దిగిన ప్రయాణికుని అక్కడ మూటలు విప్పి, నడికట్టు విప్పి, తలపాగా విప్పి సోదా చేయుచుండిరని, బంగారమో ముత్యమో దాచెనేమోయని ఒళ్లంతయు తడవుచుండిరని 1666లో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో వ్రాతల వలన తెలియుచున్నది. నేటి విమానాశ్రయమున చేతులు చాచి నిలుచువానికి ఈ వర్ణనము వింతగా తోచదు. 1665లో ఔరంగజేబు ఉత్తరువు చొప్పున సరకు మీద ముసల్మానులకు నూటికి రెండున్నర, హిందువులకు ఐదు సుంకము. ఒకే కవాటమున ఇద్దఱకు రెండు వెలలు.

1664 జనవరి మొదటివారమున, శివాజీ వచ్చుచున్నాడని వార్త పుట్టెను. నగరాధికారి ఇనాయత్ ఖాన్ 500 మంది భటులకు ఖజానా నుండి జీతము తీసికొనుచుండెను గాని అంతమంది భటులను ఎన్నడును పోషింపలేదు. ఊరి గోడ మట్టిది. అదియు అచ్చటచ్చట కూలినది. శివాజీ 6వ తేదీన తూర్పువైపు బుర్హాన్‌పూర్ ద్వారము వెలుపల ఒక తోటలో గుడారము వేసెను. అంతకు ముందే, ఇనాయత్ ఖానును, వీర్‌జీ వోరా, హాజీ సయీద్ బేగ్, హాజీ కాసిం అను ముగ్గురు శ్రేష్ఠులను తన యెదుటికి వచ్చి ధనము నిర్ణయించుకొనుమని, లేకున్న ఊరిని కాల్తునని జాబు పంపెను. ప్రత్యుత్తరము రాలేదు. ప్రత్యుత్తర మీయవలసినవాడు కోటలో దాగెను.

అప్పుడు కోట తలుపులవద్ద జరిగిన దానిని మఱచిపోరాదు. ధనవంతులు కోటపాలకునకు లంచమిచ్చి లోపల చోటు సంపాదించుకొనిరి. ఇయ్యలేనివారు భార్యాబిడ్డలతో నదిదాటి పల్లెలకు పాఱిపోయిరి. అదియు చేయలేనివారు ఇండ్లలోనే మిగిలిరి. ఏ భయముకొఱకు కట్టబడెనో ఆ భయము వచ్చిననాడు కోట వెలకట్టి అమ్మబడినది. నాలుగు దినములు ఊరు దోపిడికి గుఱియయ్యెను. వీర్‌జీ వోరా నాటి ప్రపంచమున మిక్కిలి ధనవంతులైన వర్తకులలో ఒకడని ప్రసిద్ధి. అతని ఇల్లు త్రవ్వబడి, తరువాత తగులబెట్టబడెను. కోట మీది ఫిరంగులు మ్రోగుచునే యుండెను గాని వాని గుండ్లు దండు మీద కంటె ఊరి యిండ్ల మీద ఎక్కువగా పడెనని నాటి లేఖలు చెప్పుచున్నవి.

గోడ లేనివారిలో నిలువగలిగిన వారును కలరు. ఆంగ్లేయుల కోఠీకి ప్రెసిడెంటు జార్జి ఆక్సెండెన్. అతడు సువాలీ రేవులోని ఓడల నుండి మనుష్యులను రప్పించి, తప్పెటలు, బూరలు మ్రోగించుచు వీథులలో నడిపించెను. కోఠీ తలుపుల వద్ద తుపాకులు నిలిపెను. ప్రక్కయింటివాడైన హాజీ సయీద్ బేగ్ తన ఆస్తిని దిక్కులేక విడిచి కోటకు పోయినందున, ఆ యింటిని సయితము ఆంగ్లేయులే కాపాడిరి. ఆ ఇంటికి నిప్పంటుకొన్నచో తమ కోఠీకి అంటుకొనునను ఎఱుకయే దీనికి ముఖ్యకారణమని అనవలెను. ఉదారతను అనవసరముగా అంటగట్టనక్కఱలేదు. శివాజీ కొన్నియిండ్లను తానుగా విడిచెను. కపూచిన్ సన్యాసుల మఠము ఒకటి. డచ్చివారి దలాలియై దానశీలుడని పేరువడసి, అప్పటికే చనిపోయిన ఒక హిందూ వర్తకుని ఇల్లు మఱియొకటి. ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే ఈ సంగతి చెప్పెను. గోడ కంటె గట్టి అడ్డుగా ఒక మృతుని మంచిపేరు నిలిచిన సందర్భము చరిత్రలో తఱుచుగా కానరాదు.

మొగలు సైన్యము సమీపించుచున్నదని విని 10వ తేదీన శివాజీ మరలిపోయెను. ఇనాయత్ ఖాన్ కొన్ని దినములకు గాని బయటికి రాలేదు. వచ్చినపుడు జనులు పరిహసించుచు మన్ను విసరిరి. అతని కుమారుడు కోపించి తుపాకి కాల్చగా పాపమెఱుగని ఒక పేద వర్తకుడు చనిపోయెను. నాలుగు దినములు పగవారిని కాల్చజాలని తుపాకి అది.

ఔరంగజేబు వర్తకులకు ఒక సంవత్సరము సుంకము మినహాయించెను. ఆంగ్లేయులకు, డచ్చివారికి సుంకములో అర వంతు శాతము శాశ్వతముగా తగ్గించెను. ఊరికి ఇటుకగోడ కట్టుమని ఉత్తరువు చేసెను. తెవెనో వచ్చునప్పటికి పని సాగుచుండెను. ఈ గోడకే షహర్‌పనాహ్ అని పేరు. ‘పనాహ్’ అనగా ఫార్సీలో శరణు, ఆశ్రయము. ఉర్దూ హిందీలలో నేటికిని ఆ యర్థమే. తెలుగువారు ప్రాకారమనిన చుట్టి కట్టినదని అర్థము. సూరతువారు పలికినది ఊరికి శరణమని. పేరులోని వాగ్దానము పెద్దది.

వాగ్దానమునకు పరీక్ష ఆఱేండ్లలోనే వచ్చెను. 1670 అక్టోబరు 3వ తేదీన శివాజీ రెండవమాఱు వచ్చెను. ఈమాఱు ఆయనతో 15,000 మంది కలరని లెక్క. ఊరి చుట్టును గోడ యుండెను; గోడ మీద నిలుచుటకు 300 మంది కంటె లేకపోయిరి. వారు కొంతసేపు పోరాడి కోట ఫిరంగుల అండకు పరుగెత్తిరి. గోడ తన స్థానమున తాను నిలిచియే యున్నది. దోపిడి మూడు దినములు సాగెను. ఆంగ్లేయులు, డచ్చివారు తమ తమ కోఠీలను మఱల కాచుకొనిరి. ఒక సరాయిలో దిగిన తురుష్క, పారసీక వర్తకులు సయితము తలుపులు బిగించి పోరాడి నిలిచిరి. ఆ కోఠీలకు, ఆ సరాయికి మట్టిగోడ నాడును ఇటుకగోడ నాడును భేదము లేదు: వారు తమ తలుపుల వెనుక తామే నిలిచిరి. ఊరిగోడ వెనుక ఎవరును నిలువలేదు. అది ఊరందఱిది యగుటచే ఎవరిదియు కాకపోయెనని తోచును.

ఏటేట 12 లక్షల రూపాయలు చెల్లింపనిచో మఱల వత్తునని శివాజీ వ్రాసిపోయెను. ఆయన మఱల ఊరిలోనికి రాలేదు. వదంతి మాత్రము ప్రతి సంవత్సరమును వచ్చుచుండెను. వదంతి పుట్టినప్పుడెల్ల అంగళ్లు మూతపడెను, సొమ్ము ఓడలెక్కెను. 1687లో ఆంగ్లేయులు తమ ముఖ్యస్థానమును బొంబాయికి మార్చుకొనిరి. ఆ మార్పునకు వేఱు కారణములును కలవు గాని, సూరతు వర్తకుల మనస్సులోని గోడ 1664లోనే కూలెననుట అతిశయోక్తి కాదు.

పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున రెండవ గోడ లేచెను. అప్పటికి ఇటుకగోడ వెలుపల పేటలు పెరిగెను: నేతగాండ్రు, అద్దకపువారు, తోటలు గల శ్రీమంతులు. ఈ పేటలను చుట్టి కట్టిన వెలుపలి గోడకు ఆలమ్‌పనాహ్ అని పేరు. లోకమునకు శరణమని అర్థము. ఊరికి శరణమైనది చాలక లోకశరణము వలసెను. ఈ రెండు గోడల నడుమ రెండు విధముల బ్రతుకు ఏర్పడెను. లోపల సన్నని వీథులు, చెక్కడపు కొయ్యపని గల మేడలు. వెలుపలి పట్టీలో పేటలు, తోటలు, ఖాళీ నేలలు. నేడు కూడలులకు మిగిలిన దర్వాజాల పేర్లలో పెక్కు ఈ రెండవ గోడవి.

1759లో ఆంగ్లేయులు కోటను పట్టుకొనిరి. 1800లో నగరపాలనము సంపూర్ణముగా వారి చేతికి వచ్చెను. ఆపైన గోడకు శత్రువు లేడు. 1837 ఏప్రిలులో మచ్ఛలీపీఠ్ వీథిలో పుట్టిన నిప్పు కొయ్యమేడలను ఒకదాని వెంట ఒకటి మ్రింగుచు నగరము మీదుగా పాఱెను. 9,000 లకు పైగా ఇండ్లు బూడిదయయ్యెను. అదే సంవత్సరమున తపతి పొంగి మిగిలినదానిని ముంచెను. గుఱ్ఱపుదండు కొఱకు కట్టిన గోడ నిప్పునకు గాని నీటికి గాని లెక్కకు వచ్చునది కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో గోడలు కొంత కూలి, కొంత కూల్చబడి, చాలవఱకు మాయమయ్యెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమునాటికి ఊరికిని పేటలకును నడుమ హద్దును పాత కందకము మాత్రమే తెలుపుచుండెను. హైదరాబాదు ప్రాకారమునకును ఇంచుమించు ఇదే గతి పట్టినది. అక్కడను 1908 మూసీ వరద తరువాత గోడ క్రమముగా పోయి, దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు కట్టడములుగా నిలువగా, తక్కినవి ఎక్కువగా పేర్లుగా మిగిలినవి.

సూరతునకు ఇరువదవ శతాబ్దిలో కావలసిన గోడ నదికి అడ్డముగా కట్టవలసిన గోడ. 1972లో ఉకాయి ఆనకట్ట పూర్తియయ్యెను. గట్ల వెంబడి వరదకట్టలు లేచెను. కట్ట వెనుక నేల ఇక ముంపునకు రాదని ఎంచి ఇండ్లు నది అంచువఱకు పోయెను. 2006 ఆగస్టులో ఉకాయి నిండి, 9,00,000 క్యూసెక్కుల నీటిని వదలవలసి రాగా నగరమున అధికభాగము దినముల తరబడి మునిగెను. 1670 నాటి చిక్కే ఇది వేఱు రూపమున: అడ్డున్నదను ధైర్యము అడ్డుకంటె ఎత్తుగా పెరిగెను.

అడ్డు కట్టుట వలన గాక, అడ్డు తీయుట వలన ఈ నగరము రక్షింపబడిన కాలము ఒకటి కలదు. 1994 సెప్టెంబరులో ప్లేగు వ్యాధి భయమున లక్షలకొలది జనము, ముఖ్యముగా పరాయి ప్రాంతముల నుండి వచ్చిన కార్మికులు, రైళ్లెక్కి పాఱిపోయిరి. 1664లో నదిదాటినవారి వలెనే వీరును కోటలో చోటులేని వారు. మఱుసటి సంవత్సరము ఎస్.ఆర్. రావు మునిసిపల్ కమిషనరుగా వచ్చి, చెత్త యెత్తించుటయే గాక, వీథులలోనికి చొచ్చుకొని వచ్చిన కట్టడములను పెద్దవారివి చిన్నవారివి యను భేదములేక తొలగించెను. ఉత్తరువులు వెడలిన కార్యాలయము 1644లో యాత్రికులకొఱకు కట్టిన ఆ సరాయియే. నగరపాలక సంస్థ ఆ భవనముననే నెలకొనియున్నది. వీథి వెడల్పయిన తరువాత గాలి, వెలుతురు, చెత్తబండి మూడును లోపలికి పోగలిగెను. రెండేండ్లు గడవకముందే దేశమునందలి పరిశుభ్ర నగరములలో సూరతు రెండవదిగా లెక్కింపబడెను.

అయినను భయము తన దారిని తాను వెదకుకొనును. 2008 జూలై 26వ తేదీన అహమ్మదాబాదున వరుస ప్రేలుళ్లు జరిగిన తరువాత, సూరతున వరాఛా మొదలగు చోట్ల దినమునకు కొన్ని చొప్పున బాంబులు బయటపడెను. చెట్ల మీద, ప్రకటన పలకల మీద అమర్చినవి. పేలుడు పదార్థములు గల రెండు కార్లును దొరికెను. అదృష్టవశమున ఒక్కటియు ప్రేలలేదు. స్తంభములు, బారికేడ్లు కార్లకు అడ్డుపడునేమో గాని చెట్టుకొమ్మ నెక్కినదానికి అడ్డుపడవు. సంచి పట్టుకొని నడచివచ్చువాడు ఆ స్తంభముల ఎడమున ఎవరికొఱకు దారి విడిచిరో ఆ పాదచారి రూపముననే వచ్చును.

నేటి సూరతు వీథులలో ఎక్కువగా కానవచ్చు అడ్డులు భయము వలన పుట్టినవి కావు. 2014లో మొదలయిన బస్సుల ప్రత్యేక మార్గమునకు ఇరువైపుల కటకటాలు పెట్టిరి. అవి బస్సునకు వేగము నిచ్చెను. దారి దాటువానికి మాత్రము దూరము పెంచెను. కటకటాల సందున దూఱి దాటువారిని తప్పుపట్టుట సులభము. నెత్తిన బట్టల మూటతో మార్కెట్టు నుండి మార్కెట్టునకు పోవు కూలివానికి, దాటుచోటు ఎంత దూరమున ఉన్నదో అంత కూలి తగ్గును. ఈ లెక్క వీథి నక్షలు గీయువారికి తఱుచుగా అందదు.

2021 జనవరిలో మెట్రో రైలు పనులకు నాంది జరిగెను. మొదటి మార్గము పాత నగరము క్రిందుగా పోవును. దానిలోని భూగర్భ స్టేషనులలో ఒకటి చౌక్ బజారు. ఖుదావంద్ ఖాన్ కోట ఉన్నది ఆ చౌక్ బజారుననే. నగరపాలక సంస్థ కోటను బాగుచేయించి, వస్తుప్రదర్శనము ఏర్పఱచి, జనులకు తెఱచెను; ఒకప్పుడు లంచమిచ్చి దూఱిన ద్వారమున నేడు టిక్కెట్టు కొని ఎవరైనను పోవచ్చును. అదే కాలమున కోటకు సమీపమున మెట్రో పనివారి రేకుల బారికేడ్లు లేచి వీథిని సగము మ్రింగెను. అంగళ్ల అరుగులకును ఆ రేకులకును నడుమ మిగిలిన సన్నని దారిలో జనము వచ్చువారు ఒకవైపు, పోవువారు ఒకవైపు, భుజములు రాచుకొనుచు నడచిరి.